కంట్రీ క్లబ్‌లో చేరేముందు బయటికొచ్చే గుమ్మం చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్ శివార్లలో ఫ్రిస్కోలో ఇల్లు, వయసు 38, గోల్ఫ్‌లో హ్యాండికాప్ 22 (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట), వారానికో రౌండ్. మీ ఆవిడకు టెన్నిస్ ఇష్టం, పిల్లలకు తొమ్మిదేళ్లూ ఆరేళ్లూ, అమ్మానాన్న ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారు. రెండు క్లబ్బులు చూశారు. ఒకటి మెంబర్లే యజమానులైనది, ఇంకొకటి ఓ కంపెనీ నడిపేది. చేరేటప్పుడు కట్టే ఇనిషియేషన్ ఫీజు రెండిట్లోనూ 40 వేల డాలర్ల దగ్గర్లోనే ఉంది, నెలనెలా కట్టే డ్యూస్ 950. ఈ రెండిట్లో ఏది ఎక్కువ ప్రెస్టీజ్ అన్నది మీ ప్రశ్న.

ప్రెస్టీజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది, ఆ క్లబ్ వదిలేయాల్సి వచ్చిన రోజున ఏం జరుగుతుందన్నది. క్లబ్ చూడ్డానికి వెళ్తే మెంబర్‌షిప్ డైరెక్టర్ షాండిలియర్ చూపిస్తారు, లాకర్ రూమ్‌లో చెక్కపని చూపిస్తారు, స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. రాజీనామా క్లాజు మాత్రం అడిగితేగానీ బయటికి రాదు. అందుకని రెండు క్లబ్బులకూ ఒకే మెయిల్ పెట్టండి. బైలాస్ (క్లబ్ మూల నియమావళి), మెంబర్‌షిప్ అగ్రిమెంట్, రూల్స్ పుస్తకం, ఇప్పటి ఫీజుల షీటు, ఈ నాలుగూ పీడీఎఫ్‌లుగా కావాలనండి. "చేరాక పోర్టల్‌లో చూసుకోవచ్చు" అన్న జవాబు వస్తే, చాలావరకు మీ నిర్ణయం అక్కడే అయిపోయినట్టు.

హైదరాబాద్‌లో పాత క్లబ్బుల మెంబర్‌షిప్ అంటే పిల్లలకు మిగిలే ఆస్తిలా మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ మీరు కట్టేది మూడు రకాల్లో ఒకటి. కడితే పోయినట్టే ఉండే ఫీజు ఒకటి. తిరిగిస్తామని రాసిచ్చే డిపాజిట్ ఒకటి. క్లబ్‌లో వాటా ఇచ్చే ఈక్విటీ ఒకటి. మొదటిదే నిజాయితీ గలది, పోయిందని ముందే తెలుస్తుంది కాబట్టి. జనం బోల్తాపడేది మిగతా రెండిట్లో.

డిపాజిట్ రకంలో "80 శాతం రిఫండబుల్", "100 శాతం రిఫండబుల్" అని ఉంటుంది. ఎప్పుడు అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా అగ్రిమెంట్లలో ఆ గడువు 30 ఏళ్లు. మీరు 38లో 40 వేలు కడితే 68లో చేతికొస్తుంది, అదీ వడ్డీ లేకుండా. ఏటా 4 శాతం చొప్పున లెక్కేస్తే ఆ డబ్బుకు ఇవాళ్టి విలువ సుమారు 12,300 డాలర్లు. అంటే పేరుకి రిఫండే గానీ, మూడింట రెండొంతులు కట్టిన రోజే పోయినట్టు.

ఈక్విటీలో ఇంకో చిక్కు. మీరు రాజీనామా చేసిన వెంటనే డబ్బు రాదు, క్యూలో నిలబెడతారు. కొత్తగా నలుగురు చేరితే వెళ్లిపోయేవాళ్లలో ఒకరికి చెల్లిస్తామన్నది తరచుగా కనిపించే నిబంధన. క్యూలో 60 మంది ఉండి, క్లబ్‌లో ఏటా కొత్తగా 30 మంది చేరుతున్నారనుకోండి. ఏడాదికి ఏడెనిమిది మందికే డబ్బు ముడుతుంది, మీ వంతుకు ఎనిమిదేళ్లు. కొన్ని క్లబ్బుల్లో మీ వంతు వచ్చేదాకా డ్యూస్ కూడా కడుతూనే ఉండాలి. నెలకు 950 చొప్పున ఎనిమిదేళ్లకు 91,200 డాలర్లు. తిరిగొచ్చేది 40 వేల లోపే. ఫ్లోరిడా గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ నిబంధన వల్ల మెంబర్‌షిప్ వదిలించుకోవడానికి ఎదురు డబ్బిచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఇప్పుడు రాజీనామా క్యూలో ఎంతమంది ఉన్నారు, పోయిన మూడేళ్లలో ఏటా ఎంతమందికి చెల్లించారు, క్యూలో ఉన్నంతకాలం డ్యూస్ కట్టాలా వద్దా.

ఇనిషియేషన్‌ను వాయిదాల్లో కట్టొచ్చని చెప్పే ఉంటారు. నాలుగేళ్లలో కట్టే ప్లాన్ అయితే, రెండో ఏట మీరు మానేసినా మిగతా రెండేళ్ల వాయిదాలు ఒక్కసారిగా కట్టాలన్న వాక్యం ఉందేమో చూడండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నవాళ్లకు ఇది మామూలు సంగతి కాదు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేవి మహా అయితే 60 రోజులు. రాజీనామా నోటీసు గడువు కొన్ని చోట్ల 30 రోజులు, కొన్ని చోట్ల 90. మూటాముల్లె సర్దుకునే హడావుడిలో క్లబ్ బిల్లు వెంటపడటం ఎవరికీ వద్దు. బదిలీ, ఉద్యోగం పోవడం, జబ్బు వీటికి లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ (మెంబర్‌షిప్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచడం) ఉందా, ఎన్ని నెలలు, ఆ కాలంలో డ్యూస్‌లో ఎంత శాతం కట్టాలి అన్నది అగ్రిమెంట్‌లోనే ఉండాలి. డైరెక్టర్ నోటిమాటగా ఇచ్చిన హామీ ఆయన ఆ ఉద్యోగంలో ఉన్నంతవరకే. ఆ ఉద్యోగాల్లో మనుషులు తొందరగానే మారిపోతుంటారు.

ఇక యాజమాన్యం. కంపెనీ క్లబ్ అంటే డాలస్‌లో పుట్టిన పద్ధతేననాలి. 1957లో ఫార్మర్స్ బ్రాంచ్‌లో బ్రూక్‌హేవెన్‌తో మొదలైన క్లబ్‌కార్ప్ 2022 నుంచి ఇన్వైటెడ్ అన్న పేరుతో నడుస్తోంది. అలాంటి క్లబ్‌లో మీరు యజమాని కాదు, లైసెన్సు ఉన్న వాడుకరి మాత్రమే. రూల్సు, డ్యూస్, చివరికి క్లబ్‌ను అమ్మడం కూడా వాళ్లిష్టం. దానికి బదులు మీకొచ్చేది, పెద్ద పనుల కోసం మెంబర్ల మీద ఉన్నట్టుండి వచ్చిపడే అదనపు బిల్లు, స్పెషల్ అసెస్‌మెంట్, మామూలుగా ఉండదు, అదే కంపెనీకి ఉన్న వేరే క్లబ్బుల్లోకి ప్రవేశం దొరుకుతుంది. ఉండదంటే అగ్రిమెంట్‌లో లేదని అర్థం కాదు. "అసెస్‌మెంట్" అన్న మాట వెతికి చూడండి. డ్యూస్‌తో పాటు నెలనెలా "క్యాపిటల్" అని వేరే లైన్ ఉంటే, అసెస్‌మెంట్‌నే ముక్కలు చేసి వసూలు చేస్తున్నారని అర్థం. అందులో తప్పేమీ లేదు, ముందే తెలిస్తే చాలు.

మెంబర్ల క్లబ్‌లో ఓటు ఉంటుంది, ఓటుతో పాటు బిల్లూ ఉంటుంది. గోల్ఫ్ కోర్సు అంటే పచ్చిక కాదు, భూమి కింద పాతిపెట్టిన పైపులూ కంకరా ఇసుకా. వాటికి ఆయుష్షు ఉంది. గోల్ఫ్ ఆర్కిటెక్టులు చెప్పే లెక్కల ప్రకారం గ్రీన్లు (బంతిని గుంటలో వేసే నున్నటి గడ్డి) 15 నుంచి 30 ఏళ్లు, నీటి పైపులు 10 నుంచి 30 ఏళ్లు, పంప్ స్టేషన్ 15 నుంచి 20, గోల్ఫ్ బండ్లు తిరిగే కాంక్రీట్ దారి, అంటే కార్ట్ పాత్, 15 నుంచి 30, బంకర్లలో (ఇసుక గుంటల్లో) ఇసుక 5 నుంచి 7. ఈ అయిదింటికీ చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి. డైరెక్టర్ని కాదు, కోర్సు సూపరింటెండెంట్‌ని అడగండి. ఆయన తేదీలు గుర్తుపెట్టుకుని చెప్తారు. గ్రీన్లు 24 ఏళ్ల కిందటివి, పైపులు 28 ఏళ్లవి అని తేలితే, మీరు చేరిన మూడు నాలుగేళ్లలో తవ్వకం ఖాయం. 48 లక్షల డాలర్ల పని 400 మంది మీద పడితే తలకు 12 వేలు. పైగా ఆ ఏడాది కోర్సు మూసేస్తారు. ఫోర్ట్ వర్త్‌లో కొలోనియల్ లాంటి ఘనమైన క్లబ్ కూడా 2023 మే టోర్నమెంట్ అవ్వగానే కోర్సు మొత్తం తవ్వి, 2024 మే టోర్నమెంట్‌కు సిద్ధం చేసింది. అలా మూసేస్తే డ్యూస్ తగ్గిస్తారా, పక్క క్లబ్‌లో ఆడనిస్తారా అన్నది కూడా అడగాలి.

మెంబర్ల క్లబ్ జాతకం చూడ్డానికి మీకో మంచి దారి ఉంది, దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. ఇలాంటి క్లబ్బుల్లో ఎక్కువ భాగం అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర 501 సి 7 అనే సెక్షన్ కింద పన్ను మినహాయింపు తీసుకుంటాయి. ఆ మినహాయింపు ఉన్న క్లబ్ ఏటా దాఖలు చేసే ఫామ్ 990 అందరూ చూడదగ్గ కాగితం. ఐఆర్‌ఎస్ సైట్‌లో క్లబ్ పేరు కొట్టి వెతకొచ్చు. వరసగా నాలుగైదేళ్లవి దించుకుని మూడు చోట్లే చూడండి. మొదటి పేజీలో ఆదాయం, ఖర్చు పక్కపక్కనే ఉంటాయి. రెండేళ్లు వరసగా ఖర్చే ఎక్కువుంటే డ్యూస్ పెరగబోతున్నాయి. పదో భాగంలో బ్యాలెన్స్ షీటు ఉంటుంది. అప్పు ఎంత, చేతిలో నగదు ఎంత అక్కడ తెలుస్తుంది. ఎనిమిదో భాగంలో ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడొచ్చు. ఇనిషియేషన్ ఫీజుల మీదే రోజువారీ ఖర్చు నడుస్తుంటే ఆ క్లబ్ కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున ఇబ్బందిలో పడుతుంది. ఇంకొకటి. ఈ కేటగిరీ క్లబ్బులకు బయటివాళ్ల వాడకం మీద వచ్చే ఆదాయం మొత్తం ఆదాయంలో 15 శాతం దాటకూడదన్న కొలమానం ఉంది. శనివారాలన్నీ బయటివాళ్ల పెళ్లిళ్లకే పోయే బెడద అందువల్ల కొంత తక్కువ. 990 దొరక్కపోతే క్లబ్ వేరే పద్ధతిలో రిజిస్టరై ఉండొచ్చు. అప్పుడు ఆడిట్ చేసిన లెక్కలు అడగండి.

ఇప్పుడు డబ్బు. "నెలకు 950 కదా" అనుకుని దిగితే తడిసి మోపెడవుతుంది. మీరు రాసిన అంకెలకే మామూలుగా వచ్చి చేరే ఖర్చులు కలిపి చూద్దాం. ఇనిషియేషన్ 40,000, దాని మీద సేల్స్ టాక్స్ 8.25 శాతం, అంటే 3,300. టెక్సస్‌లో క్లబ్ డ్యూస్‌కు, ఇనిషియేషన్‌కు కూడా ఈ పన్ను పడుతుంది, ఫీజుల షీటులో "ప్లస్ టాక్స్" అని చిన్నగా ఉండేది అదే. డ్యూస్ 950, క్యాపిటల్ 100, వాటి మీద పన్ను కలిపి నెలకు 1,137, ఏడాదికి 13,640. తిన్నా తినకపోయినా క్లబ్‌లో కట్టాల్సిన తిండి మినిమమ్ నెలకు 150, అంటే ఏడాదికి 1,800. దాని మీద 20 శాతం సర్వీస్ చార్జి, పన్ను, రెండూ మినిమమ్‌లో లెక్కకు రావు, కాబట్టి నిజంగా పోయేది 2,300 పైమాటే. గోల్ఫ్ కార్ట్ అద్దె మనిషికి 30, ఏడాదికి 40 రౌండ్లకు పన్నుతో 1,300. లాకరు, బ్యాగు దాచడం, హ్యాండికాప్ సర్వీసు 600. డిసెంబర్‌లో సిబ్బంది కోసం హాలిడే ఫండ్ 300. ఏడాదిలో ఎనిమిది మంది గెస్టుల్ని తీసుకెళ్తే తలకు వంద చొప్పున 800. ఏడాదికి 19 వేలు, అయిదేళ్లకు ఇనిషియేషన్‌తో కలిపి లక్షా 38 వేలు. 200 రౌండ్లకు పంచితే రౌండుకు 690 డాలర్లు. ఏడాదికి 25 రౌండ్లే కుదిరితే రౌండుకు 1,085. ఇందులో డ్యూస్ పెంపు కలపలేదు. ఏటా 5 శాతం పెంచితే ఆరో ఏటికి 950 కాస్తా 1,212 అవుతుంది.

కాబట్టి గోల్ఫ్ ఒక్కటే చూసుకుంటే ఏ ప్రైవేట్ క్లబ్బూ గిట్టుబాటు కాదు. గిట్టుబాటు చేసేది ఇంట్లో మిగతావాళ్లు. ఆవిడ వారానికి రెండుసార్లు కోర్టుకు వెళ్తే, పిల్లలు జూన్, జూలై మొత్తం పూల్లోనే గడిపితే అప్పుడు లెక్క కుదురుతుంది. ఇంకో మాట, సొంత కన్సల్టింగ్ కంపెనీ ఉన్నవాళ్లు డ్యూస్‌ను బిజినెస్ ఖర్చుగా చూపించొచ్చని ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. 1993 చట్టంతో, 1994 నుంచి క్లబ్ డ్యూస్‌కు ఆ మినహాయింపు లేదు. 2017 చట్టంతో క్లయింటును తీసుకెళ్లి ఆడించిన రౌండు ఖర్చుకూ లేకుండా పోయింది.

శనివారం పొద్దున టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరకడం మీకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే మీరు ఆడేది వారానికి ఒక్కసారి. దీనికి డైరెక్టర్ జవాబు "ఎప్పుడూ ఇబ్బంది ఉండదు" అనే ఉంటుంది. మీరే లెక్కేసుకోండి. పది నిమిషాలకో గ్రూపు, గ్రూపుకు నలుగురు. ఏడు నుంచి పదకొండు దాకా 24 గ్రూపులు, 96 మంది. కోర్సులో 18 హోల్స్ ఉంటాయి, పదో హోల్ నుంచి కూడా ఒకేసారి మొదలుపెడతారు కదా అంటారు. నిజమే, కానీ మొదటి హోల్ నుంచి బయల్దేరినవాళ్లు రెండు గంటల పైచిలుకుకు పదో హోల్ చేరతారు, అప్పటికి అక్కడ ఖాళీ వదలాలి. కాబట్టి రెట్టింపు ఏమీ కాదు. గోల్ఫ్ మెంబర్‌షిప్‌లు 400 ఉంటే, అందులో మూడోవంతు మంది శనివారం పొద్దున్నే వస్తే 133. గెస్టులు వేరే. దీనికితోడు ప్రతి క్లబ్‌లోనూ ఏళ్ల తరబడి శనివారం ఎనిమిది గంటలకు కలిసి ఆడే ముఠాలుంటాయి. 20, 30 మంది ఉండే ఆ గేమ్‌లకు టీ షీటు ముందే బ్లాక్ చేసేస్తారు. కొత్త మెంబరుకు పదకొండున్నర మిగులుతుంది. ఆగస్టులో ఫ్రిస్కో పదకొండున్నర ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు.

పోయిన నెల నాలుగు శనివారాల టీ షీట్లు, పేర్లు కొట్టేసి అయినా, చూపించమనండి. కుదరదంటే శనివారం ఏడున్నరకు గ్రూపుల్ని ఆటకు పంపే ఉద్యోగి, అంటే స్టార్టర్, పక్కన ఓ గంట నిలబడండి. గోల్ఫ్ మెంబర్‌షిప్‌లకు గరిష్ఠ సంఖ్య బైలాస్‌లో రాసి ఉందా, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అన్నది కనుక్కోండి. కంపెనీ క్లబ్‌లో ఆ పరిమితి ఉండకపోవచ్చు, ఉన్నా వాళ్లే మార్చుకోవచ్చు. ఏడాది క్యాలెండర్ తీసుకుని కోర్సు మూతపడే రోజులు లెక్కపెట్టండి. సోమవారాలు చాలా క్లబ్బులకు సెలవు. దానికి మెంబర్-గెస్ట్ టోర్నమెంట్ మూడు నాలుగు రోజులు, చారిటీ ఔటింగ్‌లు, గ్రీన్లకు రంధ్రాలు పొడిచే వారాలు కలుస్తాయి.

కోర్సు మీకు సరిపోతుందా అన్నది మెట్టు దిగి చూడాలి. పేరున్న ఆర్కిటెక్టు వేసిన కష్టమైన కోర్సు అంటే జనానికి మోజు. హ్యాండికాప్ 22 ఉన్నవాళ్లకు అది వారం వారం శిక్ష. స్కోర్‌కార్డు మీద ప్రతి టీకీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటుకీ, రెండు అంకెలుంటాయి, కోర్స్ రేటింగ్ (ఆరితేరిన ఆటగాడికి పట్టే దెబ్బలు), స్లోప్ (మామూలు ఆటగాడికి అది ఇంకెంత కష్టమో చెప్పేది). స్లోప్ 55 నుంచి 155 దాకా, ప్రామాణికం 113. మీ హ్యాండికాప్ ఇండెక్స్, అంటే ఆ 22ను స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌లోంచి పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) తీసేస్తే వచ్చేది కలపండి. వెనక టీ నుంచి రేటింగ్ 74.1, స్లోప్ 138, పార్ 72 అయితే మీకు వచ్చే కోర్స్ హ్యాండికాప్ 29. ముందు టీలో రేటింగ్ 69.5, స్లోప్ 122 అయితే 21. ఒకే కోర్సు, ఎనిమిది స్ట్రోకుల తేడా. డ్రైవర్ అనే పొడవాటి కర్రతో మీరు కొట్టిన బంతి 225 గజాలు పోతుంటే మీకు తగిన కోర్సు పొడవు 5,800 నుంచి 6,000 గజాలు. ఆ పొడవులో రేటింగ్ ఉన్న టీ ఉందా, అక్కణ్ణుంచి ఆడితే ఆ క్లబ్‌లో మగవాళ్లు వెక్కిరించరు కదా అన్నది చూడండి. రెండోది కార్డు మీద ఉండదు, ప్రాక్టీసు చేసే రేంజ్‌లో నిలబడి పది నిమిషాలు మాటలు వింటే తెలుస్తుంది.

కోర్సును మంచి రోజున చూడకండి, వాన పడిన మర్నాడు చూడండి. డాలస్ ఉత్తర శివార్ల మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే బంక, ఎండితే బీటలు. నీళ్లు దిగిపోయే ఏర్పాటు కింద సరిగ్గా లేకపోతే ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కూ మధ్య గడ్డిలో) అడుగేస్తే బూటు చుట్టూ నీరు ఊరుతుంది, బంకర్లలో ఇసుక కింద మట్టి పైకి తేలి గోధుమరంగు చారలు కడుతుంది. అలాంటి కోర్సులో వాన తర్వాత మూడు రోజులు "కార్ట్ పాత్ ఓన్లీ". బండి సిమెంటు దారి మీదే ఆపి, చేతిలో నాలుగు గోల్ఫ్ కర్రలు పట్టుకుని బంతి దాకా నడవాలి. పోయిన ఏడాది అలాంటి రోజులు ఎన్నో ప్రో షాప్‌లో అడగండి. గ్రీన్ల మీద ఏ గడ్డి ఉందో కూడా అడగండి. బెంట్ గడ్డి అయితే ఆగస్టు దానికి గండం, గ్రీన్ల పక్కన పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. బెర్ముడా అయితే గండం చలికాలం, గడ్డకట్టే రాత్రుళ్లు గ్రీన్ల మీద దుప్పట్లు కప్పుతారు. గడ్డిని బట్టి దాని గండం వచ్చే నెలలో వెళ్లి చూడాలి. ఏప్రిల్‌లో అన్నీ అందంగానే ఉంటాయి.

ఇంట్లోవాళ్ల సంగతి. మెంబర్‌షిప్ ఎవరి పేరున ఉంటుంది, భార్యాభర్తలకు టీ టైమ్ బుకింగ్‌లో సమాన హక్కు ఉందా అన్నది రూల్స్ పుస్తకంలో చూడండి. పాత క్లబ్బుల్లో కొన్నిటిలో వారాంతం పొద్దుటి వేళలు "ప్రైమరీ మెంబర్"కే పరిమితం. అమ్మానాన్నల విషయంలోనే మన కుటుంబాలు దెబ్బతినేది. కుటుంబం అంటే క్లబ్ దృష్టిలో భార్య లేదా భర్త, 21 లేదా 23 ఏళ్లలోపు పిల్లలు, అంతే. తల్లిదండ్రులు గెస్టులే. పూల్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ గెస్ట్ ఫీజు, ఒకే గెస్టు నెలకు ఒకటి రెండుసార్లకు మించి రాకూడదన్న నిబంధన కూడా. ఆరు నెలలు మీ ఇంట్లోనే ఉండేవాళ్లకు "హౌస్ గెస్ట్" కార్డు ఇస్తారా, ఎన్ని వారాలకు, ఎంతకు అని అడిగి రాయించుకోండి. మీ నాన్నగారు పొద్దున్నే కార్ట్ పాత్ మీద వాకింగ్ చేద్దామనుకుంటే చాలా చోట్ల ఒప్పుకోరు. బంతి తగులుతుందన్న భయం వాళ్లది, అది న్యాయమైనదే.

తిండి మినిమమ్ విషయంలో శాకాహారులైతే మెనూ ముందే చూసుకోండి. వెజ్ బర్గర్, పోర్టబెల్లో శాండ్‌విచ్, సీజర్ సలాడ్ ఈ మూడింటితో నెలకు 150 ఖర్చుపెట్టడం విసుగు. ఆ మినిమమ్ నెలవారీనా మూడు నెలలకా, పూల్ దగ్గర స్నాక్ బార్ లెక్కలోకి వస్తుందా, ఇంటికి పట్టుకెళ్లేది వస్తుందా, మద్యం వస్తుందా అన్నవి వేరువేరు ప్రశ్నలు. మూడు నెలలకు లెక్కేసే క్లబ్ మనకు మేలు, ఇండియా వెళ్లిన నెల వృథా కాదు. పాప ఓణీల ఫంక్షన్ క్లబ్‌లోనే చేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే అడగండి. బయటి కేటరర్‌ను రానివ్వని క్లబ్బులే ఎక్కువ. ఇండియన్ వంటకు మాత్రం కొన్ని చోట్ల తలకింత ఫీజు తీసుకుని ఒప్పుకుంటారు. అలాంటి పార్టీల ఖర్చు మామూలుగా మినిమమ్‌లో జమకాదు.

చేరే పద్ధతికి వస్తే, మెంబర్ల క్లబ్‌లో మీ పేరు ప్రతిపాదించే ప్రపోజరు ఒకరు, బలపరిచే సెకండరు ఒకరు, కొన్నిచోట్ల ఇంకో రెండు మూడు ఉత్తరాలు కావాలి. తర్వాత క్రెడిట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, కమిటీ వాళ్లతో మాటామంతీ, మీ పేరు నోటీసు బోర్డులో రెండు మూడు వారాలు, చివర్న బోర్డు ఓటు. తెలిసినవాళ్లు లేరని మొహమాటపడి తెలుగు సంఘం గ్రూపుల్లో "ఎవరైనా మెంబరున్నారా" అని అడక్కండి. సంతకం పెట్టినవాళ్లు మీ బిల్లులకూ ప్రవర్తనకూ మాట పడాల్సినవాళ్లు. ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టిన సంతకానికి కమిటీలో విలువ ఉండదు. డైరెక్టర్నే నాలుగైదు సార్లు ఆడే అవకాశం కల్పించమనండి, అది ఆయన పనిలో భాగమే. రెండో మూడో రౌండ్లు కలిసి ఆడినవాళ్లే తర్వాత సంతకం పెడతారు. ఆ రౌండ్లలో వాళ్లు చూసేది మీ స్కోరు కాదు. బంకర్ ఇసుక సరిచేశారా, గ్రీన్ మీద బంతి పడ్డ గుంట పూడ్చారా, ముందు గ్రూపుకు వెనకబడకుండా ఆడారా, ఫోన్ బ్యాగులోనే ఉందా, ఇవే.

మనల్ని రానిస్తారా అన్న అనుమానం మీరు రాయకపోయినా చాలామందిలో ఉంటుంది. అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం హోటళ్లకు వర్తించినట్టు నిజమైన ప్రైవేట్ క్లబ్బులకు వర్తించదు. 1990లో అలబామాలో షోల్ క్రీక్ క్లబ్ నల్లజాతివాళ్లను చేర్చుకోవడం లేదని గొడవ లేచి, ఆ తర్వాత పెద్ద టోర్నమెంట్లు పెట్టాలంటే క్లబ్బులు పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ క్లబ్ తొలి నల్లజాతి మెంబర్ని తీసుకున్నది ఆ ఏడాదే, తొలి మహిళలను తీసుకున్నది 2012లో. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇవాళ ఆ పరిస్థితి లేదు. అయినా "మేం అందర్నీ స్వాగతిస్తాం" అన్న వెబ్‌సైట్ వాక్యం కన్నా గ్రిల్ పక్కన గోడ మీద ఉండే ఛాంపియన్ల బోర్డు చూడండి. గత అయిదేళ్ల జూనియర్ విజేతల పేర్లలో రావులూ, పటేళ్లూ, కిమ్‌లూ కనిపిస్తే మీ పిల్లలకు అక్కడ తోడు దొరుకుతుంది. శనివారం మధ్యాహ్నం పూల్ దగ్గర అరగంట కూర్చున్నా తెలుస్తుంది.

ప్రెస్టీజ్ అంటారా, ఆ రెండిట్లో మెంబర్ల క్లబ్‌కే ఉంటుంది, ఊళ్లో ఎవరినడిగినా అదే చెప్తారు. బైలాస్‌లో గోల్ఫ్ మెంబర్ల సంఖ్యకు పరిమితి ఉండి, క్యూలో ఉన్నంతకాలం డ్యూస్ అక్కర్లేదని రాసి ఉండి, గ్రీన్లు పదేళ్లలోపువైతే అక్కడే చేరండి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా మీ వయసుకు, చిన్న పిల్లలకు నేననేది కంపెనీ క్లబ్‌లో స్పోర్ట్స్ మెంబర్‌షిప్. టెన్నిస్, పూల్, జిమ్ వస్తాయి, గోల్ఫ్ నెలకు ఒకటి రెండుసార్లు. మిగతా రౌండ్లు పీజీఏ ఫ్రిస్కోలో ఫీల్డ్స్ రాంచ్ లాంటి అందరికీ తెరిచిన కోర్సుల్లో ఆడుకోవచ్చు. రెండేళ్ల తర్వాత గోల్ఫ్‌కు మారితే కట్టిన ఇనిషియేషన్ మొత్తం జమ అవుతుందని రాయించుకోండి.

రెండు క్లబ్బుల్లో దేనికి వెళ్లినా ఒక తేదీ దృష్టిలో పెట్టుకోవాలి. చిన్న వయసువాళ్లకు తక్కువ ధరకిచ్చే జూనియర్ ఎగ్జిక్యూటివ్ కేటగిరీ ఎక్కువ చోట్ల 40 ఏళ్లతో ఆగుతుంది. ఇనిషియేషన్‌లోనూ డ్యూస్‌లోనూ అది బాగా తక్కువ. కానీ వయసు లెక్క దరఖాస్తు పెట్టిన రోజుకా, బోర్డు ఓటు వేసిన రోజుకా అన్నది క్లబ్బును బట్టి మారుతుంది. బోర్డు నెలకొకసారే కూర్చుంటుంది, నోటీసు బోర్డులో పేరు ఉండే వారాలు వేరే, వెయిటింగ్ లిస్టు ఉంటే అది ఇంకో ఏడాది. 38 అంటే చాలా టైముందనిపిస్తుంది గానీ, మెంబర్ల క్లబ్‌లో దరఖాస్తు ఈ ఏడాదే పడాలి. 40 దాటాక మిగతా తేడా ఒక్కసారిగా కట్టమంటారా, దశలవారీగానా అన్నది కూడా ఆ మెయిల్లోనే అడిగేయండి.